పరిశోధనాలయం నుండి పత్రికా పుటకు

దినపత్రికలో ఒక శాస్త్రవార్త వికృతరూపంలో వెలువడినప్పుడు మనం సాధారణంగా విలేఖరినే నిందిస్తాము. పరిశోధనాలయానికి, పత్రికకు నడుమ మరొక వ్యక్తి ఉన్నాడన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయనే విశ్వవిద్యాలయంలోనో, పరిశోధన సంస్థలోనో పనిచేసే పౌరసంబంధాల అధికారి. శాస్త్రజ్ఞుని ప్రబంధాన్ని చదివి, సామాన్యులకు బోధపడే చిన్న ప్రకటనగా మలచి పత్రికలకు పంపడం ఆయన కర్తవ్యం. వార్త చాలాసార్లు ఆ ప్రకటన నుండే పుడుతుంది. వక్రత కూడ అక్కడే పుట్టవచ్చును.

ఇది ఊహామాత్రం కాదు. బ్రిటన్‌లో 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు 2011లో వెలువరించిన 462 ఆరోగ్యశాస్త్ర ప్రకటనలను కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూల ప్రబంధాలతోను, తదనంతర వార్తలతోను సరిపోల్చి, 2014లో ఫలితాలను ప్రచురించారు. జంతువులపై జరిపిన ప్రయోగాలను గూర్చిన ప్రకటనలలో 36 శాతం ఆ ఫలితాన్ని మానవులకు అతిగా అన్వయించాయి. ప్రకటనలో ఈ అతిశయోక్తి ఉన్నప్పుడు 86 శాతం వార్తలలోను అది కనిపించింది. లేనప్పుడు 10 శాతంలో మాత్రమే. ప్రకటన సాధారణంగా శాస్త్రజ్ఞునికి చూపిన పిమ్మటనే బయటికి వెళుతుంది గనుక నిందలో ఆయనకూ పాలు తప్పదు.

2010 నవంబరు 29న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక ఆహ్వానం వెలువరించింది. భూమికి ఆవల జరిగే జీవాన్వేషణను ప్రభావితం చేయగల పరిశోధనను గూర్చి విలేఖరుల సమావేశం జరుగునని అందులో ఉంది. అంతే! అన్యగ్రహ జీవి దొరికిందన్న వదంతులు వ్యాపించాయి. తీరా డిసెంబరు 2న చూపినది కాలిఫోర్నియాలోని మోనో సరస్సు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి. జీవులన్నిటికీ అత్యవసరమైన భాస్వరానికి బదులు అది విషపదార్థమైన ఆర్సెనిక్‌ను తన డి.ఎన్.ఎ.లో ఇముడ్చుకొనగలదని పరిశోధకులు భావించారు. ఇతర శాస్త్రజ్ఞులు వెంటనే సందేహాలు లేవనెత్తగా, అట్టి చర్చ శాస్త్ర పత్రికలలోనే జరగాలని నాసా ప్రతినిధి అన్నారు. చాటింపు వేసి జనాన్ని పోగుచేసినవారు ప్రశ్న వినగానే తలుపు మూయడం న్యాయమా? భాస్వరం లేనిదే ఆ జీవికి గడవదని 2012లో రెండు పరిశోధనలు చూపాయి. 2025లో సైన్స్ పత్రిక ఆ ప్రబంధాన్ని ఉపసంహరించింది. మోసం జరిగిందని పత్రిక అనలేదు; ఉపసంహరణను రచయితలు అంగీకరించనూ లేదు.

అట్లని శాస్త్రజ్ఞుడు మౌనం వహించనక్కరలేదు. ప్రబంధం అచ్చుకు అంగీకరింపబడిన నాడే అధికారికి తెలియజేస్తే, ప్రకటనను తీరికగా వ్రాసి, చదివి, దిద్దుకొనే వ్యవధి ఇద్దరికీ చిక్కుతుంది. అధికారి వేసే అమాయకపు ప్రశ్నలకు విసుగు చెందరాదు. రేపు పాఠకులు వేసేవి అవే. ప్రయోగం ఎలుకలపై జరిగితే ఆ మాట శీర్షికలోనే ఉండాలి. ‘సంబంధం ఉంది’ అన్నది ‘కారణమవుతుంది’ అని మారడానికి ఒక్క కలంపోటు చాలు. ఉర్దూ వాక్యాన్ని తెలుగులోనికి మార్చి చూచిన మన విద్యార్థులకు ఇది అనుభవమే: తెలియని మాట వద్ద ఆగుతాము, తెలిసిందనుకొన్న మాట వద్దనే జారుతాము. ఇంత జాగ్రత్త వహిస్తే పత్రికలు వార్తను వేయవేమోనన్న భయం కొందరికి కలదు. అతిశయోక్తి వలన ప్రచారం పెరిగినట్లు కార్డిఫ్ వారికి చెప్పుకోదగిన ఆధారం కనిపించలేదు.

2011 సెప్టెంబరులో సెర్న్ సంస్థకు ఇంతకంటె గొప్ప ప్రలోభం ఎదురైంది. జెనీవా చెంత నుండి ఇటలీలోని గ్రాన్ సాసోకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు కాంతికంటె 60 నానోసెకనుల ముందుగా చేరినట్లు ఒపేరా బృందం గణించింది. ఐన్‌స్టీన్ ఓడిపోయాడని చాటవచ్చును. సెర్న్ ప్రకటన ఆ పని చేయలేదు. ఫలితం నమ్మశక్యంగా లేదనీ, ఇతరులు స్వతంత్రంగా కొలిచి చూచిన పిమ్మటనే దానిని స్థిరపరచడమో, త్రోసిపుచ్చడమో జరగాలనీ తెలిపింది. పత్రికల హడావుడి ఎట్లాగూ ఆగలేదు. 2012లో లోపం ఒక ఫైబర్ కేబుల్ బిగింపులో ఉన్నదని బయటపడగా, సెర్న్ ఆ సంగతిని కూడ ప్రకటించింది.