పాటయు, పాట పేరును

సంగారెడ్డి చేరువనున్న కొండాపూర్‌లో 1940 దశకపు తొలినాళ్ళ త్రవ్వకములలో శాతవాహన నాణెములు దొరకినవి. రాజు పేరున్న నాణెము తన కాలమును తానే చెప్పును, అరిగినది చెప్పదు. కంప్యూటరులో దాచుకొన్న పాటయు అట్టిదే. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డునుండి పాటను ఎక్కించునపుడు ముల్లు స్వరమునే గ్రహించును గాని, నడుమ అంటించిన చీటీమీది గాయని పేరును గ్రహింపదు గదా! ఆ పేర్లను మనమే ఎంపీ3 ఫైలులోని ఐడీ3 అను భాగములో వ్రాయవలెను. మనము కూర్చుకొన్న పాటల వరుసలు మాత్రము తరచు ఆ ఫైలులో నుండవు. వినిపించు ప్రోగ్రాము వాటిని వేరుగా దాచును. డిస్కు చెడినచో ఏండ్ల శ్రమ పోవును. కావున నకలు తీయునపుడు ఆ జాబితాను గూడ చేర్చి, ఒక ప్రతిని వేరొక ఇంట నుంచుడు. అప్పుడప్పుడు ఆ ప్రతినుండి ఒక పాటను తెరచి, పేరు కనబడుచున్నదో లేదో చూడుడు.