గ్రేడు కాలేజీది, లెక్కలు మనవి

అడ్మిషన్ల రోజులొస్తే జిల్లా కేంద్రాల్లో ఏ బస్టాండు దగ్గర చూసినా ఫ్లెక్సీలే. ‘న్యాక్ ఏ గ్రేడు గుర్తింపు పొందిన కళాశాల’ అని పెద్ద పెద్ద అక్షరాలు. కూలి మానుకొని కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన తల్లి ఆ అక్షరాల్ని నమ్మి లోపలికి నడుస్తుంది. ఆ గ్రేడు ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు, అందులో తన కూతురి వాటా ఎంత అనేది ఆమెకి ఎవరూ చెప్పరు. లోపల మూడేళ్ళుగా చదువుతున్న పిల్లల్ని అడిగినా, ‘ఏదో టీమొచ్చింది సార్, ఆ రెండ్రోజులూ యూనిఫాం వేసుకు రమ్మన్నారు’ అంటారు. విద్యార్థులతో మేం మాట్లాడినప్పుడల్లా విన్న మాట ఇదే. కాలేజీకి మార్కులు పడే పరీక్షలో తామూ ఒక భాగమని వాళ్ళకి తెలియనివ్వలేదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ‘గుర్తింపు’ అనే ఒక్క మాటని మనం మూడు నాలుగు పనులకి వాడేస్తున్నాం. కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కింద నడుస్తుందో, ఎవరి డిగ్రీ ఇస్తుందో చెప్పేది అఫిలియేషన్. ఇంజనీరింగు లాంటి వృత్తి విద్యలో ఒక్కో కోర్సునీ విడిగా తూచేది ఎన్‌బీఏ. న్యాక్ వేరు. అది సంస్థ మొత్తాన్నీ చూసి నాణ్యత ఇంత అని తేలుస్తుంది. 1986 జాతీయ విద్యా విధానం, 1992 కార్యాచరణ ప్రణాళికల వెంబడి 1994లో యూజీసీ దీన్ని పెట్టింది, ఆఫీసు బెంగుళూరులో. న్యాక్ లేనంత మాత్రాన చదివిన డిగ్రీ చెల్లకుండా పోదు. కానీ కాలేజీకి స్వయంప్రతిపత్తి రావాలన్నా, ప్రభుత్వ పథకాల డబ్బు రావాలన్నా గ్రేడు అడుగుతారు. స్వయంప్రతిపత్తి వస్తే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు తెరవడం సులువు. యాజమాన్యాల ఆత్రం అక్కడుంది.

2017లో మార్చిన పద్ధతి ప్రకారం పని ఇలా జరుగుతుంది. కాలేజీ తన గురించి తానే ఒక నివేదిక రాసుకుంటుంది, దాన్ని స్వీయ అధ్యయన నివేదిక అంటారు. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థి సహాయం, పరిపాలన, విలువలు అని ఏడు అంశాలు, మొత్తం 1000 మార్కులు. ఇందులో దాదాపు 70 శాతం అంకెలే. ఆ అంకెల్ని న్యాక్ దూరం నుంచే సరిచూస్తుంది. తర్వాత బయటి అధ్యాపకుల బృందం వచ్చి కాలేజీ చూసి పోయేది. అన్నీ కలిపి 4కి ఇన్ని పాయింట్లని లెక్కగడతారు. 3.51 దాటితే ఏ ప్లస్ ప్లస్, 1.50 దాటకపోతే గుర్తింపు లేదు. ఒకసారి వచ్చిన గ్రేడు మామూలుగా ఐదేళ్ళు నడుస్తుంది.

ఇప్పుడు ఆ అంకెల్లో మనం ఎక్కడున్నామో చూద్దాం. బోధన అనే అంశం కింద ఒక లెక్క వుంది: రిజర్వు చేసిన సీట్లలో గత ఐదేళ్ళలో ఎన్ని నింపారు? ఎస్సీ, ఎస్టీ, బీసీ, వికలాంగ విద్యార్థులు ఎంతమంది చేరితే కాలేజీకి అన్ని మార్కులు. రిజర్వేషన్ వల్ల నాణ్యత పడిపోతుందని స్టాఫ్‌రూముల్లో వినబడే మాటకి ఇది మంచి జవాబు. నాణ్యతని తూచే సంస్థే రిజర్వేషన్ని నాణ్యతలో భాగంగా లెక్కేస్తున్నది. అయితే ఈ లెక్కలో ఒక మెలిక వుంది. మెరిట్ మీద ఓపెన్‌లో సీటు తెచ్చుకున్న దళిత విద్యార్థిని రిజర్వు సీటు ఖాతాలో రాసుకుంటే, ఆ మేరకు ఖాళీగా వదిలేసిన సీటు కాగితం మీద నిండిపోతుంది. క్లాసులో ఎవరికి ఏ కోటాలో సీటొచ్చిందో విద్యార్థులకి తెలిసినంతగా బెంగుళూరులో కూర్చున్నవాళ్ళకి తెలీదు.

ఇంకొకటి స్కాలర్‌షిప్పుల లెక్క. ప్రభుత్వ స్కాలర్‌షిప్పులూ ఫీజు సహాయాలూ పొందిన విద్యార్థుల శాతం ఎంత అని అడుగుతారు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివేవాళ్ళు ఎవరో చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం ఇచ్చిన డబ్బుకి మార్కులు కాలేజీ ఖాతాలో పడతాయి. అదే ప్రభుత్వం బకాయి పెడితే? కోర్సు అయిపోయిన పిల్లవాడు టీసీ కోసం, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడతాడు. ‘ముందు ఫీజు కట్టు, గవర్నమెంటు వేశాక తిరిగి తీసుకో’ అంటారు. ఆ కిటికీ దగ్గర ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళనీ, పీజీ సీటు పోగొట్టుకున్నవాళ్ళనీ మేం ఎరుగుదుం. ఒకే విద్యార్థి న్యాక్ నివేదికలో మార్కు, అకౌంట్స్ సెక్షన్లో బాకీదారు. సర్టిఫికెట్లు ఎంతమందివి ఆపారు అనే గడి మాత్రం ఆ నివేదికలో లేదు.

ఉత్తీర్ణత లెక్క చూసినా అంతే. చివరి ఏడాది పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారని చూస్తారు. మొదటి ఏడాది ఇంగ్లీషు మీడియం తట్టుకోలేక, మెస్ బిల్లు కట్టలేక, మేస్త్రీ పనికి పోయినవాడు ఆ పరీక్ష రాయడు కాబట్టి లెక్కలోకి రాడు. చేరినప్పుడు అతని వల్ల మార్కు వచ్చింది, పోయినప్పుడు అతని వల్ల మార్కు తగ్గలేదు.

గ్రేడుకీ గౌరవానికీ మధ్య ఎంత దూరముందో మనకి తెలియనిది కాదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం అప్పటికే న్యాక్ ఏ గ్రేడు సంస్థ. 2015లో ఉత్తమ కేంద్రీయ విశ్వవిద్యాలయంగా విజిటర్ అవార్డు కూడా అందుకుంది. ఆ ఏడాది చివరికి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి పంపించేశారు, వాళ్ళు ఆరుబయట టెంటు వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. ఉన్నత విద్యాసంస్థల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి వుండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. కమిటీలు వున్నాయని కాగితం చూపిస్తే లెక్క సరిపోయే చోట, ఆ కమిటీ ఎప్పుడైనా కూర్చుందా అని అడగాల్సింది విద్యార్థులే.

అడగడానికి దారులున్నాయా? వున్నాయి, పెద్దవేం కావు. మొదటిది విద్యార్థి సంతృప్తి సర్వే. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ జాబితాకి న్యాక్ నేరుగా లింకు పంపుతుంది. సిలబస్ ఎంత పూర్తయింది, అయ్యవార్లు తయారై వస్తున్నారా, ఇంటర్నల్ మార్కులు న్యాయంగా వేస్తున్నారా వంటి ప్రశ్నలు 20, చివర 21వది సొంత మాటల్లో మూడు సూచనలు రాయడానికి. కాలేజీల్లో 10 శాతం మంది గానీ, 100 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది జవాబివ్వాలి, లేకపోతే ఆ మార్కుల్ని లెక్కలోకి తీసుకోరు. మొత్తంలో దీని వాటా నూటికి ఐదారు మార్కులే. అయినా యాజమాన్యం కిందా మీదా పడుతుంది. ల్యాబులో కూర్చోబెట్టి ‘అన్నిటికీ 4 నొక్కండి’ అని లెక్చరర్ వెనకాల నిలబడడం చాలా చోట్ల మామూలే. లింకు మీ మెయిల్‌కి వస్తుంది, మీ ఫోనులో, మీ గదిలో నింపొచ్చు. సర్వేలో కులవివక్ష మీద విడిగా ఒక్క ప్రశ్న లేదు. ఇంటర్నల్ మార్కుల ప్రశ్న వుంది కదా, మనోళ్ళకి దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

రెండోది, తనిఖీ బృందం విద్యార్థులతో మాట్లాడే సమావేశం. దానికి ఎవరు పోవాలో మామూలుగా కాలేజీయే ఎంచుతుంది, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళనీ, నోరు మెదపనివాళ్ళనీ. ఇక గేటు దగ్గర డప్పు కొట్టడానికీ, సాయంత్రం ధింసా ఆడడానికీ ఎవరిని పిలిచేవారో అందరికీ తెలుసు. డప్పు కొట్టే పిల్లలకి లోపల కుర్చీ ఎందుకు లేదని అడిగిన విద్యార్థి సంఘం మాకింకా తగల్లేదు.

మూడోది అంతర్గత నాణ్యతా విభాగం, ఐక్యూఏసీ. మార్గదర్శకాల ప్రకారం ఇందులో విద్యార్థుల నుంచి, పూర్వ విద్యార్థుల నుంచి, స్థానిక సమాజం నుంచి ఒక్కొక్కరు సభ్యులుగా వుండాలి. ఏటా ఈ విభాగం ఒక నివేదిక పంపాలి. ఈ విద్యార్థి సభ్యుడెవరో తన క్లాసులోనే తెలియని కాలేజీలు చూశాం. తన పేరు జాబితాలో వుందని ఆ విద్యార్థికే తెలియని సందర్భం కూడా ఒకటి వినవచ్చింది.

ఈ వ్యవస్థని నెత్తిన పెట్టుకోమని మేం చెప్పడం లేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలో ఒక సంస్థకి మంచి గ్రేడు కోసం లంచం నడిచిందన్న ఆరోపణ మీద, తనిఖీకి వచ్చిన బృంద సభ్యుల్నీ సంస్థ బాధ్యుల్నీ సీబీఐ అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేల్చాలి. దానికి ముందే, 2024 జనవరిలో, గ్రేడుల బదులు గుర్తింపు వున్నదా లేదా అని మాత్రమే చెప్పే పద్ధతినీ, దానిపైన 1 నుంచి 5 దాకా స్థాయిల్నీ తెస్తామని ప్రకటించారు. రాధాకృష్ణన్ కమిటీ సిఫార్సులవి. అందులో మనుషుల తనిఖీ తగ్గి, కంప్యూటర్లోకి ఎక్కించిన అంకెల మీద ఆధారం పెరుగుతుంది. అప్పుడు ఆ అంకెలు నిజమా కాదా అనేది ఇంకా ముఖ్యమవుతుంది.

నిజమా కాదా చూడడం కష్టమేం కాదు. స్వీయ అధ్యయన నివేదికనీ, ఏటా పంపే నివేదికల్నీ కాలేజీ తన వెబ్‌సైటులో పెట్టాలి. విద్యార్థులు నలుగురు కూర్చొని మూడు పేజీలు తీసి చూడండి: రిజర్వు సీట్ల పట్టిక, స్కాలర్‌షిప్పుల పట్టిక, ఫిర్యాదుల కమిటీ వివరాలు. సీట్ల పట్టికని మీ సీనియర్లకి తెలిసిన పేర్లతో పోల్చండి. కమిటీలో రాసిన అధ్యాపకుడిని ‘సార్, ఆఖరి మీటింగు ఎప్పుడు జరిగింది?’ అని అడగండి. ప్రభుత్వ కాలేజీ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. దరఖాస్తు ఒక్కరి పేరు మీద కాకుండా కోర్సు పూర్తయి సర్టిఫికెట్లు చేతికొచ్చిన పూర్వ విద్యార్థి పేరు మీద పెడితే మేలు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో వున్నాయో మరిచిపోకూడదు.