పాయింట్ల చోట అయస్కాంతం: పాత కారులో నిప్పురవ్వ కథ

వానాకాలం పొద్దున్నే పాత అంబాసిడర్ స్టార్ట్ కాకపోతే ఎవరైనా చెప్పే మాట ఒకటే ఉండేది: పాయింట్లు చూడు. బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూతకున్న క్లిప్పులు ఊడదీసి, లోపల ఎదురెదురుగా ఉన్న రెండు చిన్న లోహపు బిళ్లల మధ్య ఉప్పుకాగితం రెండుసార్లు ఆడించి మళ్లీ తాళం తిప్పితే బండి చాలాసార్లు లేచేది. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ అదే తంతు.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్, ముంబై కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని... ఈ రెండూ ఎక్కువ కాలం ఈ పాయింట్ల మీదే నడిచాయి. ముంబైలో పద్మిని టాక్సీల శకం 2023 అక్టోబరుతో ముగిసింది. అయినా ఇళ్లలో జాగ్రత్తగా దాచుకున్న పాత బండ్లు దేశమంతటా ఇంకా తిరుగుతున్నాయి. వాటి యజమానుల్లో చాలామంది ఇప్పుడు పాయింట్లు తీసేయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకుంటున్నారు. ‘మైలేజీ పెరుగుతుంది, పికప్ పెరుగుతుంది’ అని అమ్మేవాళ్లు చెబుతారు. అందులో నిజమెంత?

అది తెలియాలంటే ముందు పాయింట్లు చేసే పనేమిటో చూడాలి. పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించేది స్పార్క్ ప్లగ్ కొనల మధ్య పుట్టే రవ్వ. ఆ సందును దూకాలంటే వేల వోల్టులు కావాలి, బ్యాటరీలో ఉన్నవి 12. ఈ చిక్కుకు అమెరికా ఇంజినీరు చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో చూపిన దారి దాదాపు డెబ్బై ఏళ్లు ప్రపంచమంతా నడిచింది. దాని మూలం 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. ఇగ్నిషన్ కాయిల్‌లో ఒకే ఇనుప కోర్ మీద రెండు చుట్లు ఉంటాయి: లావు తీగతో కొన్ని వందల చుట్లు, సన్న తీగతో వేల చుట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ లావు చుట్టలో సుమారు 4 ఆంపియర్ల కరెంటు పారి అయస్కాంత క్షేత్రం తయారవుతుంది. పాయింట్లు విడిపోగానే కరెంటు తెగుతుంది, క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడంలో లావు చుట్టలో రెండు మూడు వందల వోల్టులు, సన్న చుట్టలో 15 నుంచి 25 వేల వోల్టులు పుడతాయి. రవ్వ పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, తెంచినప్పుడు.

ఎంత చప్పున తెంచితే రవ్వకు అంత బలం. సమస్య కూడా అక్కడే ఉంది. పారే కరెంటు ఒక పట్టాన ఆగదు. పాయింట్ల మధ్య సందు ఇంకా వెంట్రుక మందం ఉండగానే అది గాలిలోంచి దూకేస్తుంది. దాన్ని కాసేపు తనలోకి తీసుకోవడానికే పక్కన కండెన్సర్ ఉంటుంది. చూడటానికి బొటనవేలంత ఉండే ఈ డబ్బీ పాడైతే ఇంజిన్ నడవడమే కష్టం. బాగున్నా సరే, పాయింట్ల మధ్య మెరుపును పూర్తిగా ఆపలేదు. ప్రతి మెరుపుకూ ఒక బిళ్ల మీది లోహం కాస్త లేచి రెండోదాని మీద చేరుతుంది. అందుకే పాత పాయింట్లలో ఒకవైపు గుంత, మరోవైపు మొటిమ కనిపిస్తాయి.

ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యమేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 రవ్వలు కావాలి. సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, 2500 చుట్లతో 10,000 కిలోమీటర్లు పోయేసరికి పాయింట్లు విడిపడి కలిసింది 6 కోట్ల సార్లు! అన్నిసార్లూ పాయింట్లను తోసేది, తిరుగుతున్న క్యామ్‌ను రాసుకుంటూ ఉండే ఒక చిన్న ఫైబర్ మడమ. గ్రీజు వేయడం మరిచిపోతే అది మరింత త్వరగా అరుగుతుంది.

యజమాని కంటపడనిది ఈ అరుగుదలే. మడమ అరిగేకొద్దీ పాయింట్ల సందు తగ్గుతుంది. ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటరు దగ్గర సరిచేసిన సందు తగ్గుతూ పోతే పాయింట్లు కాస్త ఆలస్యంగా విడిపడతాయి, రవ్వా ఆలస్యమవుతుంది. 3000 చుట్ల వేగంలో క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది సెకనులో 18 వేలవ వంతు మాత్రమే. నాలుగైదు డిగ్రీలు వెనకబడితే ఇంజిన్ ఆగిపోదు. కాస్త బద్ధకిస్తుంది, వేడెక్కుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. మెల్లగా జరిగేది కాబట్టి ‘పాత బండి కదా’ అని సర్దుకుపోతారు.

రవ్వ అసలు పడకపోతే నష్టం పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. బీఎస్-2కు ముందు తయారైన పెట్రోలు కార్లకు మన కాలుష్య తనిఖీలో హైడ్రోకార్బన్ల హద్దు పది లక్షల భాగాల్లో 1500. ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో పెట్రోలు ఆవిరి ఘనపరిమాణంలో సుమారు 2 శాతం. యాభై రవ్వల్లో ఒక్కటి తప్పినా, మండని మిశ్రమం కలిసి పొగలో 400 భాగాల దాకా పెరుగుతుంది. అంటే అనుమతిలో పావు వంతుకు పైగా ఒక్క చిన్న తప్పటడుగుకే ఖర్చయిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు. అది ఎక్కువగా వస్తుంటే తప్పు కార్బురేటర్‌ది; కొత్త ఇగ్నిషన్ కొన్నంత మాత్రాన అది తగ్గదు.

అమెరికాలో కఠినమవుతున్న ఉద్గార నిబంధనలే ఈ మార్పును ముందుకు తోశాయి. క్రైస్లర్ 1973 మోడల్ కార్లన్నిటికీ అక్కడ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది. పాత కార్లకు ఇప్పుడు దొరికే కిట్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి అంతకంటే పాత ఆవిష్కరణ మీద ఆధారపడింది. కరెంటు పారుతున్న పలుచని రేకు దగ్గరికి అయస్కాంతాన్ని తెస్తే రేకు రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ గమనించాడు. అప్పటికి ఎలక్ట్రాన్‌ను ఇంకా కనిపెట్టలేదు! కిట్‌లో ఉండేవి రెండే వస్తువులు. నాలుగు అయస్కాంతాలు పొదిగిన ఒక ఉంగరం రోటర్ కింద క్యామ్ మీద కూర్చుంటుంది. పాయింట్ల చోట హాల్ సెన్సర్, ట్రాన్సిస్టర్ ఉన్న చిన్న దిమ్మె బిగుస్తుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చి పోవడాన్ని సెన్సర్ పసిగట్టి ట్రాన్సిస్టర్‌కు చెబుతుంది, అది కాయిల్ కరెంటును తెంచుతుంది. ఒకదాన్నొకటి రాసుకునే భాగం లేదు, మెరుపు లేదు, అరుగుదల లేదు. ఆరు నెలల తరువాత కూడా టైమింగ్ పెట్టినచోటే ఉంటుంది.

ఈ మార్పుతో దక్కేది ముఖ్యంగా ఇదే. సరిగ్గా సర్దిన కొత్త పాయింట్లతో పోలిస్తే మామూలు వేగాల్లో ఇంజిన్‌కు కొత్త బలమేమీ రాదు. 3000 చుట్ల దగ్గర పాయింట్లు మూసి ఉండే సమయం 6 నుంచి 7 మిల్లీసెకన్లు. కాయిల్ దాదాపు నిండటానికి అది చాలు. మైలేజీ బాగా పెరిగిందని ఎవరైనా చెబితే అంతకుముందు పాయింట్లు ఎంత అధ్వానంగా ఉండేవో అర్థం చేసుకోవచ్చు. వేగం పెరిగితే రవ్వను కాస్త ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా పాతవే ఉంటాయి. వాటికి తుప్పు పట్టి ఉంటే కిట్ వాటినేమీ బాగుచేయదు.

బిగించే పని గంటలో అయిపోతుంది గానీ పొరపాటుకు క్షమాపణ ఉండదు. 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ డిజైన్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. అలాంటి బండికి నెగటివ్ ఎర్త్ కోసం చేసిన దిమ్మె తగిలిస్తే తాళం తిప్పిన క్షణంలోనే మాడిపోతుంది. తీగ ముట్టే ముందు ఏ కొస బాడీకి వెళ్లిందో చూసుకోవాలి. తరువాత మల్టీమీటర్‌తో కాయిల్ నిరోధం కొలవాలి. 3 ఓములుంటే 12 వోల్టులకు 4 ఆంపియర్లు, 1.5 ఓముల కాయిల్‌ను దాని బ్యాలస్ట్ రెసిస్టర్ లేకుండా కలిపితే 8 ఆంపియర్లు పారి దిమ్మె వేడెక్కి చస్తుంది. ఇంజిన్ ఆపి పాటల కోసం తాళం ఆన్‌లో వదిలేసినా అంతే. పాత రాగి ప్లగ్ తీగలు రేడియో రొద పుట్టించి సెన్సర్‌ను తికమక పెట్టగలవు, కాబట్టి నిరోధం ఉన్న తీగలు వేయాలి. చివరగా టైమింగ్ లైట్ పెట్టి మళ్లీ సరిచూడాలి. చాలామంది మెకానిక్కులు వదిలేసేది దీన్నే.

ఇంకొక లోటుంది, కిట్ డబ్బా మీద దాని ప్రస్తావన ఉండదు. ట్రాన్సిస్టర్ తన వంతుగా ఒక వోల్టు దాకా మింగుతుంది. బ్యాటరీ బలహీనంగా ఉండి, స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే శుభ్రమైన పాయింట్లు రవ్వ ఇవ్వగల చోట కొన్ని దిమ్మెలు మౌనం వహిస్తాయి. పైగా పాయింట్లు చెడితే ముందు దగ్గుతాయి, సతాయిస్తాయి, ఆకురాయితో రుద్దితే ఊరు చేరుస్తాయి. దిమ్మె పోతే చెప్పాపెట్టకుండా పోతుంది, ఆ రోడ్డు పక్కన దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

అందుకే కిట్ బిగించుకున్న అనుభవజ్ఞుల కార్లలో డాష్‌బోర్డు అరలో ఒక పాలిథిన్ సంచి ఉంటుంది. అందులో ముందే సందు సరిచేసి ప్లేటుకు బిగించి ఉంచిన పాత పాయింట్లు, ఒక కండెన్సర్, ఒక స్క్రూడ్రైవర్.