ఏ దేశపు పిడికిలి?

‘ముష్టి’ అనే మాటకు మన వాడుకలో పిడికిలి అనే అర్థంకంటే భిక్ష అనే అర్థమే ప్రసిద్ధం. అయితే ఒకప్పటి ఔత్సాహిక ముష్టియుద్ధంలో చేయి పిడికిలి బిగించడానికే గాని చాచడానికి కాదు. పైకం పుచ్చుకొన్ననాడు యోధుడు ఆ పంక్తినుండి లేచిపోవలసి వచ్చేది. పైకం విషయంలో ఇంత పట్టుదల చూపిన ఆ లోకం ఒకనాడు పౌరసత్వం విషయంలో చూపలేదు. అందుకు తార్కాణం బెర్ట్ ష్నైడర్.

ఈతడు 1897లో అమెరికాలోని క్లీవ్‌లాండులో పుట్టాడు. తొమ్మిదవ యేట తల్లిదండ్రులతో కెనడాలోని మాంట్రియల్ చేరాడు. ఆ నగరపు ఔత్సాహిక వ్యాయామ సంఘమే ఆతనికి గురుకులమైంది. చదువూ, స్నేహాలూ, పిడిగుద్దులూ అన్నీ అక్కడివే. పౌరసత్వం మాత్రం అమెరికాదే.

ఒలింపిక్ క్రీడలలో ముష్టియుద్ధం 1908 తరువాత పన్నెండేళ్లు లేదు. 1912లో స్వీడన్ చట్టం దానిని ఒప్పుకొనలేదు; 1916 క్రీడలను మహాయుద్ధం మ్రింగివేసింది. 1920లో ఆంట్వెర్ప్‌లో మరల బరి కట్టినప్పుడు, 147 పౌనుల తరగతిలో కెనడా పక్షాన తుదిపోరుకు వచ్చినవాడు ష్నైడర్. ఎదిరి అలెగ్జాండర్ ఐర్లండ్. ఇంటిపేరు ఐర్లండే గాని ఆతడు స్కాట్లండువాడు. సామాన్యుడు కాడు, 1928లో బ్రిటిష్ మిడిల్‌వెయిట్ విజేత అయినవాడు. మూడు రౌండ్లు ముగిసినా గెలుపెవరిదో తేలలేదు. మరొక రౌండుకు ఆజ్ఞ అయింది. అలసిన చేతులకు ఆ ఒక్క రౌండు ఎంత దీర్ఘమో పోరాడినవారికే ఎరుక. స్వర్ణం ష్నైడర్‌కు దక్కింది. అమెరికా పక్షాన దిగిన ఫ్రెడరిక్ కోల్‌బర్గ్‌కు కాంస్యం.

ఇక్కడొక చమత్కారం. చట్టంలో కెనడా పౌరసత్వమన్నది 1947దాకా ప్రత్యేకంగా లేదు. అక్కడ పుట్టినవారంతా బ్రిటిష్ ప్రజలే. కాగితాల లెక్కన చూస్తే కెనడావారికి ఐర్లండే స్వజనుడు, వారి కోసం దెబ్బలు తిన్న ష్నైడర్ పరదేశి! మాంట్రియల్‌వారు ఆ లెక్క చూడలేదు. అది వారి విజ్ఞతే అంటాను.

ఒలింపిక్ బరిలో కెనడాకు దక్కిన స్వర్ణాలు మూడే. 1932లో గెలిచిన హోరేస్ గ్విన్ ఆ గడ్డవాడే. 1988లో గెలిచిన లెనాక్స్ లూయిస్ లండనులో పుట్టి బాల్యంలో కెనడా చేరినవాడు.

ష్నైడర్ ఒలింపిక్స్ తరువాత పైకానికి పోరాడాడు. పిదప జన్మభూమికి మరలి, అక్కడే చిరకాలం ఉద్యోగం చేశాడు. ఆ కొలువు అమెరికా సరిహద్దు గస్తీదళంలో.