కుందేలుకి ఏం పెడుతున్నారు?

పిల్లలు మారాం చేస్తే సంతలోంచో దుకాణంలోంచో ఒక జత కుందేలు పిల్లల్ని తెచ్చి పెంచుకోవడం మన ఇళ్లల్లో మామూలే. తెల్లగా, దూదిపింజల్లా గదంతా గెంతుతుంటే ముచ్చటగానే ఉంటుంది. వాటికి ఏం పెట్టాలి అని అడగండి, చాలామంది క్యారెట్టు అంటారు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్టే కదా! నేనూ అలాగే అనుకున్నాను. ఆ తెలియనితనం వల్ల ఒక మూగప్రాణి మా చేతుల్లోనే పోయింది.

నిజానికి దానికి మేము ఏం తక్కువ చేయలేదు. పొద్దున్నే క్యారెట్టు, పదింటికి బిస్కట్టు, మధ్యాహ్నం రెండు ముద్దలు పప్పన్నం, సాయంత్రం పిల్లలు తినగా మిగిలిన అరటిపండు. వచ్చిన చుట్టాలు తలో ముక్కా పెట్టేవారు. గడ్డి మాత్రం ఎప్పుడైనా గుర్తొస్తే నాలుగు పరకలు. ఒకరోజు సాయంత్రం మూలకి ముడుచుకుని కూర్చుంది. "నిద్రపోతోందమ్మా" అన్నారు పిల్లలు. తెల్లారి గూడు ఊడవబోతే ఒక్క పెంటిక లేదు. అనుమానం రావలసింది పోయి, ఇవాళ శుభ్రంగా ఉందిలే అనుకున్నాను! పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. "గడ్డి ఏపాటి తింటుందమ్మా?" అన్నది ఆయన అడిగిన మొదటి మాట. నా దగ్గర జవాబు లేదు.

కుందేలు కడుపు మన కడుపులాంటిది కాదండీ. దాని పేగులు రాత్రీ పగలూ కదులుతూ ఉండాలి. ఆ కదలిక గడ్డిలోని పీచు వల్ల వస్తుంది. పీచు తగ్గి పిండీ తీపీ ఎక్కువైతే పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, చెడ్డవి పెరిగి, గాలి చేరి పొట్ట ఉబ్బుతుంది. పడనిది తింటే వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు. పళ్ల సంగతీ అంతే. బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే ఏడాదికి 10 సెంటీమీటర్ల పైమాటే. గడ్డిని అటూ ఇటూ నమిలితేనే అవి అరుగుతాయి. లేకపోతే దవడపళ్లు మొనలు తేలి నాలుకనీ బుగ్గనీ గీసేస్తాయి. అప్పుడు ఆకలేసినా తినలేదు పాపం.

అందుకని కుందేలు తినేదాంట్లో నూటికి 80 పాళ్లు గడ్డే ఉండాలి. ఏ గడ్డి అంటారా? వినాయకచవితికి మనం వెతికి తెచ్చే గరిక ఉందే, అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. దొరికిన రోజుల్లో ఎక్కువ కోసి, నీడన ఆరబెట్టి దాచుకోండి. బూజువాసన తగిలితే పారెయ్యండి. వరిగడ్డిలో సారం తక్కువ. పడకకి బాగుంటుంది గాని, దానితోనే సరిపెట్టకూడదు. పురుగుమందు కొట్టిన పొలం గట్టు మీదిదీ, రోడ్డు వారదీ వద్దు. లేత జొన్న పైరులో విషం ఉంటుంది, పశువులే చచ్చిపోతాయి, దాని జోలికి పోకండి. వయ్యారిభామ మొక్క గడ్డిలో కలిసిందేమో కూడా చూసుకోండి.

గడ్డి తర్వాత ఆకులు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు కడిగి, నీళ్లు విదిలించి రోజుకో గుప్పెడు పెట్టవచ్చు. పాలకూర ఎప్పుడైనా కాస్త. క్యాబేజీతో కొన్నిటికి పొట్ట ఉబ్బుతుంది, చూసి పెట్టండి. క్యారెట్టు దుంప మనం వండుకుని, పైన ఉండే ఆకు దానికి వేస్తే సరి. దుంప ఇవ్వకపోతే పిల్లలు ఊరుకోరనుకుంటే బొటనవేలంత ముక్క, వారానికి రెండుసార్లు, అంతే. అన్నం, రొట్టె, బిస్కట్లు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చాక్లెట్లు అసలు వద్దు. దుకాణంలో అమ్మే గుళికల దాణా పెడితే, పెద్ద కుందేలుకి కిలో బరువుకి రోజుకు 25 గ్రాములు మించనివ్వకండి. దాణాతో కడుపు నింపుకుంటే గడ్డి ముట్టదు. లూసర్న్ గడ్డి ఆరు నెలల లోపు పిల్లలకి మంచిది. పెద్దవాటికి రోజూ పెడితే అందులోని సున్నం ఎక్కువై మూత్రంలో రాళ్లు కట్టే ప్రమాదం ఉంది.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. బరువైన మట్టి మూకుడులో పోస్తే ఒలకబోసుకోదు, ఎండాకాలం చల్లగానూ ఉంటాయి.

ఇంకొకటి చెప్పాలి, వినడానికి కాస్త అదోలా ఉన్నా సరే. రాత్రిపూటో తెల్లవారుజామునో కుందేలు ఒంగి తన విసర్జననే తింటుంది. మా అత్తయ్యగారు చూసి "ఛీ, ఇదేం పాడలవాటు" అని అదిలించారు. పాడలవాటు కాదు. అది మామూలు పెంటిక కూడా కాదు. చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా, జిగటగా ఉంటుంది. మొదటిసారి ఒంటబట్టని మాంసకృత్తులూ విటమిన్లూ దాంట్లో ఉంటాయి. దాన్ని తిననివ్వాలి. అయితే ఆ మెత్తటివి తినకుండా గూట్లో రోజూ మిగిలిపోతుంటే మాత్రం తీపి, దాణా ఎక్కువవుతున్నాయేమో చూసుకోండి.

ఇన్నాళ్లూ మాలాగే అన్నం, బిస్కట్లు పెడుతున్నవారు రేపటినుంచి అన్నీ ఒక్కసారిగా మార్చేయకండి. గడ్డి మాత్రం ఇవాళే నిండుగా వేసి, మిగతావి వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించండి. కొత్త ఆకు ఏదైనా ముందు రెండు రెబ్బలు పెట్టి, మర్నాడు పెంటికలు గట్టిగా, గుండ్రంగా ఉన్నాయో లేదో చూసి, అప్పుడు ఇంకాస్త వెయ్యండి. ఎప్పుడైనా సరే, ఒక పూటంతా ఏమీ ముట్టకుండా, గూట్లో పెంటికలు లేకుండా ముడుచుకుని కూర్చుంటే నిద్ర అనుకోవద్దు. తెల్లారేదాకా ఆగకుండా, ఆ రాత్రే డాక్టరు ఎక్కడ దొరుకుతారో వాకబు చేసి తీసుకెళ్లండి.