డబ్బు పెట్టి కొన్న డిస్క్ కంప్యూటర్‌లో ఎందుకు పాడదు?

విదేశాల నుంచి వచ్చే బంధువుల సామానులో అప్పుడప్పుడు ఖరీదైన సంగీతం డిస్కులు కనిపిస్తాయి. చూడటానికి మామూలు సీడీలాగే ఉంటాయి. కవర్ మీద ‘సూపర్ ఆడియో సీడీ’ అనో, ‘డీవీడీ-ఆడియో’ అనో రాసి ఉంటుంది. కంప్యూటర్‌లో పెడితే కొన్ని అసలు కనిపించవు, కొన్ని కనిపించినా పాడవు. చెడిపోయిందనుకుని పక్కన పడేస్తారు. కానీ చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. దానికి తాళం వేసి ఉంటుంది, అంతే.

ఏమిటీ డిస్కులు?

1982లో వచ్చిన సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి సూపర్ ఆడియో సీడీ తెచ్చాయి. ఇందులో సెకనుకు 28,22,400 కొలతలు ఉంటాయి. అంటే సీడీకి 64 రెట్లు. అయితే ఒక్కో కొలత ఒక్క బిట్ మాత్రమే కాబట్టి, మొత్తం సమాచారం నాలుగు రెట్లే ఎక్కువ. ఆ తర్వాత 2000లో పోటీగా వచ్చిన డీవీడీ-ఆడియోలో 24 బిట్లతో సెకనుకు 1,92,000 కొలతల దాకా రాయవచ్చు.

తాళం ఎందుకు వేశారు?

సీడీకి తాళం లేదు. 1990ల చివరికి ఇంట్లో కంప్యూటర్ ఉన్న ఎవరైనా సీడీని ఎంపీ3గా మార్చుకోవడం మొదలైంది. 1999లో నాప్‌స్టర్ వచ్చాక ఆ పాటలు ఇంటర్నెట్‌లో చేతులు మారాయి. అదే ఏడాది సినిమా డీవీడీల తాళం కూడా విరిగింది. దాంతో కంపెనీలకు భయం పట్టుకుంది. డీవీడీ-ఆడియోకు మరింత గట్టి తాళం తయారుచేసేదాకా దాని విడుదలే ఆలస్యమైంది.

రెండు రకాల తాళాలు

సూపర్ ఆడియో సీడీ తాళం డిస్క్ ఒంట్లోనే ఉంది. డిస్క్ మీది సూక్ష్మమైన గుంతల ఆకారంలోనే కొంత రహస్య సమాచారం దాచారు. దాన్ని చదివే ప్రత్యేక చిప్ ఉన్న ప్లేయర్‌కే తాళం తెరుచుకుంటుంది. కంప్యూటర్ డ్రైవ్‌లలో ఆ చిప్ ఉండదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వేసినా లాభం లేదు.

డీవీడీ-ఆడియోలో సమాచారాన్ని సంకేత భాషలోకి మార్చి దాచారు. లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్, సౌండ్ కార్డ్ ఉంటే కంప్యూటర్‌లో వినవచ్చు. 2002లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ ఆడిజీ 2 అలాంటి కార్డే. అయితే తాళం ఉన్న డిస్క్ పాడుతున్నంతసేపూ దాని డిజిటల్ అవుట్‌పుట్ పనిచేయదు.

నష్టపోయింది ఎవరు?

2005 నాటికి డీవీడీ-ఆడియో తాళాన్ని దాటే దారి దొరికింది. 2011లో పాత ప్లేస్టేషన్ 3 ద్వారా సూపర్ ఆడియో సీడీనీ కాపీ చేయగలిగారు. అప్పటికే జనం డౌన్‌లోడ్‌ల వైపు మళ్లిపోయారు. కాపీ చేసేవాళ్లు ఎలాగో దారి వెతుక్కున్నారు. ఇబ్బంది పడింది మాత్రం కష్టార్జితంతో అసలు డిస్క్ కొన్న మనిషే.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టానికి 65ఎ సెక్షన్ చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. ఇక్కడ ‘ఉద్దేశం’ అన్న మాట ముఖ్యం. కాపీలు తీసి అమ్ముకోవడం చట్టరీత్యా నేరమే కాదు, పరాయి కష్టాన్ని కాజేయడం కూడా.

ఇంట్లో ఇలాంటి డిస్క్ ఉంటే...

• కవర్ మీద ‘హైబ్రిడ్’ అని ఉందేమో చూడాలి. అలాంటి సూపర్ ఆడియో సీడీలో మామూలు సీడీ పొర కూడా ఉంటుంది. అది కంప్యూటర్‌లో, పాత సీడీ ప్లేయర్‌లో పాడుతుంది.

• చాలా డీవీడీ-ఆడియో డిస్కుల్లో డీవీడీ-వీడియో భాగం కూడా ఉంటుంది. నాణ్యత కాస్త తక్కువైనా, మామూలు డీవీడీ ప్లేయర్‌లో వినవచ్చు.

• పూర్తి నాణ్యత కావాలంటే ఆ డిస్క్ పేరు రాసి ఉన్న ప్లేయరే కావాలి. పాతది కొనేటప్పుడు డిస్క్ వెంట తీసుకెళ్లి, పెట్టి వినాలి.

• కొత్తగా కొనేవాళ్లు తాళం లేని ఫ్లాక్ ఫైళ్లు అమ్మే చోట కొంటే మంచిది. స్ట్రీమింగ్‌లోనూ ఇప్పుడు ఇదే నాణ్యత దొరుకుతోంది కానీ, నెల చందా ఆగితే పాట కూడా ఆగుతుంది.

ఏది కొన్నా ముందు ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి: ఇది ఏ పరికరంలో పాడుతుంది, ఎన్నాళ్లు మన దగ్గర ఉంటుంది?