పోపులపెట్టెకూ ఒక లెక్క వుండాలి

ఒక ఇల్లాలి ఒద్దిక ఎంతటిదో తెలుసుకోవాలంటే ముందుగదిలోని అద్దాల బీరువాను చూడనక్కరలేదు. వంటింట్లో పోపులపెట్టె మూత తీస్తే చాలు. ఆవాల గిన్నెలో జీలకర్ర, జీలకర్రలో మినప్పప్పు, అన్నిటిమీదా ఇంత పసుపు - ఇలా వుందంటే ఆ యింట్లో చారు రోజుకొక రుచిగా వుంటున్నదన్న మాటే!

పలమనేరు నుంచి కుప్పం వెళ్ళే దారిలో వున్న వెంకటగిరికోట వంటిళ్ళలో ఈ పెట్టె సంగతి మరీ విశేషం. చిత్తూరు జిల్లాలో ఆ మూల ఒక వైపు కర్ణాటక, మరొక వైపు తమిళనాడు. మనం పోపులపెట్టె అనేదాన్ని తమిళులు 'అంజరైపెట్టి' అంటారు, అంటే అయిదు గదుల పెట్టె అని అర్థం. కన్నడిగులకు అదే 'ఒగ్గరణె డబ్బి'. పోపును తాలింపు అనేవారూ, తిరగవాత అనేవారూ మనలోనే వున్నారు.

సరిహద్దు అవతలి నుంచి కోడలిని తెచ్చుకోవడం అక్కడ కొత్త కాదు. ఆవాలను తమిళంలో 'కడుగు' అంటారు. తమిళం మాట్లాడే అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి "కడుగు" అంటే, తెలుగు కోడలు గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి పరుగెత్తడంలో వింత ఏముంది? కన్నడంలో 'మెణసు' అంటే మిరియాలు, 'మెణసినకాయి' అంటే మిరపకాయ. సగం మాట వినిపించుకుంటే చారు సంగతి ఇక చెప్పనే అక్కరలేదు! అలాంటి ఇంట్లో ప్రతి డబ్బా మీదా పేరు రాసి వుండడం డాబు కోసం కాదు, అవసరం కోసం.

చిన్న పెట్టె, పెద్ద డబ్బాలు

చేతికి అందేచోట వుండవలసింది వారం పదిరోజులకు సరిపడే సరుకు మాత్రమే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండు మిరపకాయలు, పసుపు - ఏడు గిన్నెలకు ఈ ఏడూ చాలు. ఇంగువను ఈ గుంపులో కలపకూడదు. దాని వాసన తక్కినవాటికి పట్టేస్తుంది. దానికి బిగుతు మూత వున్న వేరే డబ్బీ వుండాలి.

మిగిలిన సరుకు పెద్ద డబ్బాలలో, పొయ్యికి దూరంగా, వెలుతురు తగలని అలమారలో వుంచాలి. దినుసుల సువాసన అంతా వాటిలోని తైలాలదే. ఆ తైలాలు వేడికి ఎగిరిపోతాయి. వెలుతురుకు పసుపులోని రంగు పదార్థమైన కర్‌క్యుమిన్ చెడుతుంది, కారం రంగు వెలిసిపోతుంది. పొయ్యి పైనే అలమారు కట్టించి అందమైన గాజుసీసాలు వరుసగా పెట్టడం చూడముచ్చటే గాని, దినుసులకు అంతకన్న చెరుపు లేదు.

గింజలు గింజలుగా వున్నంతకాలం తైలం లోపల భద్రంగా వుంటుంది. ధనియాలు, మిరియాలు, జీలకర్ర ఏడాదిపాటు సుఖంగా నిలుస్తాయి. పొడి కొట్టిన నాటినుంచి మాత్రం వాసన తరగడం మొదలవుతుంది. అందుకే చారుపొడి, సాంబారుపొడి నెలకు సరిపడా కొట్టుకోవడం మేలు. కరివేపాకు, పుదీనా నిలవ చెయ్యాలంటే ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి.

చింతపండుకు జాడీయే తగినది. అందులోని పులుపు ఇత్తడినీ, రాగినీ తింటుంది. గింజ, ఈనె తీసి, కల్లుప్పు చల్లి, అదిమి పెడితే మరుసటి పంటదాకా చెడదు.

ముసురు రోజుల జాగ్రత్త

ఆ ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ముసురు పట్టినప్పుడు ఎండు మిరపకాయ మెత్తబడుతుంది. మెత్తబడిన కాయకు బూజు పడుతుంది. కొన్ని రకాల బూజుల వల్ల అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చేటు. మామూలు వంట వేడికి అది నశించదు. కనుక బూజు పట్టిన కాయను తుడిచి వాడదామనే పొదుపు, పొదుపు కాదు. దాన్ని పారవెయ్యవలసిందే. తడి చెంచాను డబ్బాలో పెట్టవద్దు. ఉడుకుతున్న గిన్నె మీద డబ్బా వంచి పొడి చల్లవద్దు, ఆ ఆవిరి డబ్బాలోకి పోతుంది.

పేరు, తేదీ, వరుస

డబ్బా మీద సరుకు పేరు ఒకటే చాలదు. కొన్న నెల, సంవత్సరం కూడా రాయాలి. చిన్న కాగితం ముక్క, కాస్త జిగురు చాలు. కొత్త సరుకు వచ్చినప్పుడు పాతదాని మీద పొయ్యకూడదు. అలా పోస్తే అడుగున వున్నది ఏళ్ళతరబడి అడుగునే వుండి పురుగుకు ఇల్లవుతుంది. ముందు కొన్నది ముందు వాడాలి. డబ్బా ఖాళీ అయ్యాక కడిగి, ఎండబెట్టి, అప్పుడు కొత్తది నింపాలి.

అలమారు తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, ఏది ఎప్పుడు కొన్నారో, ఏది నిండుకున్నదో రాసుకుంటూ వుంటే, మెంతులు వుండగా మళ్ళీ మెంతులు కొనడం, వాము లేదని రాత్రిపూట పక్కింటికి పిల్లవాణ్ణి పంపడం తప్పుతాయి.

కవలల్లాంటి వస్తువులు

అసలు ప్రమాదం రుచి తప్పడంలో లేదు. పటికా, పటికబెల్లమూ చూడడానికి ఒక్కలాగే వుంటాయి. వంటసోడాకూ, బట్టల సోడాకూ రంగులో తేడా లేదు. పాయసంలో వేసే పచ్చకర్పూరం వేరు, హారతి కర్పూరం వేరు. కర్పూరం మింగితే చిన్నపిల్లలకు మూర్ఛలు వస్తాయి. కనుక పూజాసామగ్రి, శుభ్రం చేసే సామగ్రి, బొద్దింకల మందు - వీటిలో ఏదీ వంటసరుకుల అలమారలో వుండకూడదు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, వస వుండే మందుదినుసుల పెట్టెకు కూడా పేర్లు రాసి, పిల్లలకు అందని ఎత్తున వుంచాలి. పేరు తెలియని వేరును ఊహమీద అరగదీసి పసిబిడ్డకు పట్టడం తగదు.

అంగడి నుంచి వచ్చిన సరుకునూ ఒక కంట కనిపెట్టాలి. ఆవాలలో బ్రహ్మదండి గింజలు కలుస్తూ వుంటాయి. ఆవగింజ నున్నగా వుంటుంది, నలిపితే లోపల పసుపుపచ్చన. బ్రహ్మదండి గింజ గరుకు, లోపల తెలుపు. ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె వల్ల 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా చనిపోయారు. మిరియాలను నీళ్ళలో వేస్తే మునుగుతాయి. వాటిలో కలిపిన బొప్పాయి గింజలు తేలుతాయి. పసుపుకు రంగు తేవడానికి సీసం వున్న లెడ్ క్రోమేట్ కలిపేవారున్నారు. కొమ్ములు కొని మరపట్టించుకుంటే ఆ భయం తగ్గుతుంది.

చిటికెడు వెనుక కథ

ఈ పెట్టెలోని చిటికెడు చిటికెడూ ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. మిరపకాయ గుంటూరుదో, పసుపు దుగ్గిరాలదో కావచ్చు. జీలకర్ర గుజరాతు, రాజస్థానుల పంట. మిరియాలు కేరళ, కొడగు కొండలవి. ఇంగువ ఇరాను, ఆఫ్ఘనిస్తానుల నుంచి దిగుమతి. తరతరాలుగా మనం తింటున్న ఆ ఇంగువ మొక్కను మన నేల మీద పెంచే ప్రయత్నం 2020లో గాని మొదలు కాలేదు. ఆ అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదటి మొక్క నాటారు.

ఇంత దూరం నుంచి వచ్చినదాన్ని పేరులేని సీసాలో మగ్గనివ్వడం న్యాయమా? చాలా ఇళ్ళలో ఏది ఎక్కడ వుందో ఒక్క ఇల్లాలికే తెలుసు. డబ్బాలన్నీ ఆమె జ్ఞాపకంలోనే వుంటాయి. ఆమెకు నాలుగు రోజులు జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ అయోమయంలో పడతారు. పేర్లు రాసి వుంటే అయ్యగారైనా, బడికి వెళ్ళే పిల్లవాడైనా వాము డబ్బా తీసి ఆమెకు కషాయం కాచి ఇవ్వగలరు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట, కొన్ని కాగితం ముక్కలు, కాస్త జిగురు - ఈ పనికి ఖర్చు అంతే.